కొత్త కాపురాల పద్దు: తెలుగింటి పొదుపు చరిత్ర

తెలుగునాట పెళ్లయిన జంట చేతికి సొంతంగా డబ్బు రావడం, దాన్ని ఆలుమగలిద్దరూ కూర్చుని లెక్క వేసుకోవడం నూరు నూటయాభై ఏళ్లుగా స్థిరపడుతూ వచ్చిన అలవాటు. అంతకు ముందు కొత్త కోడలు అడుగుపెట్టేది చాలావరకు ఉమ్మడి ఇంట్లోనే. పొలం పంటా వ్యాపారపు లాభమూ ఇంటి పెద్ద చేతికి చేరేవి. ఇనప్పెట్టె తాళం మామగారి దగ్గర, సామాన్ల గది తాళం అత్తగారి మొలలో ఉండేవి. మగడు తన భార్యకు ఒక చీర కొనాలన్నా పండగ దాకా ఆగి, పెద్దాయన అందరికీ కలిపి తెచ్చిన బట్టల్లోంచి తీసుకోవలసిందే. ఈ ఏర్పాటులో కొత్త దంపతులకు ఆదాయ వ్యయాల లెక్కతో పని ఉండేది కాదు. పొదుపుతో మాత్రం ఉండేది. ఆ పొదుపు రెండు పాయలుగా సాగింది. ఒకటి ఇంటి పేరున పెద్దలు నడిపినది, రెండోది కోడలు తన పేరున, తరచు ఎవరికీ తెలియకుండా, నడిపినది. చరిత్ర పుస్తకాలు మొదటి పాయ గురించి చాలా రాశాయి. తెలుగు కుటుంబాలను ఆపదల్లో ఆదుకున్నది ఎక్కువసార్లు రెండోదే.

ఈ రెండో పాయకు శాస్త్రం పెట్టిన పేరు స్త్రీధనం. పెళ్లిలో అగ్ని ముందు ఇచ్చినది, అత్తింటికి సాగనంపేటప్పుడు ఇచ్చినది, ప్రేమతో ఇచ్చినది, తల్లి, తండ్రి, అన్నదమ్ములు ఇచ్చినది అని మనుస్మృతి దాన్ని ఆరు రకాలుగా చెప్పింది. కళ్యాణి చాళుక్యుల కొలువులో విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర ఆ పరిధిని ఇంకా పెంచి, స్త్రీకి వారసత్వంగా వచ్చినదాన్నీ, ఆమె కొనుక్కున్నదాన్నీ కూడా స్త్రీధనంలోనే చేర్చింది. పదమూడో శతాబ్దంలో కేతన ఈ గ్రంథాన్ని ఆధారం చేసుకుని విజ్ఞానేశ్వరీయం రచించడంతో ఆ ధర్మశాస్త్రం తెలుగు పద్యంలోకి వచ్చింది. భార్య సొత్తును భర్త ఎప్పుడు వాడుకోవచ్చో కూడా యాజ్ఞవల్క్య స్మృతి గీత గీసింది. కరువులోనూ, ధర్మకార్యానికీ, రోగం వచ్చినప్పుడూ, తాను బందీ అయినప్పుడూ తీసుకున్నది తిరిగి ఇవ్వనక్కర్లేదు. మిగతా సందర్భాల్లో తీసుకున్నది అప్పుగానే లెక్క. ఇల్లు గడిచే తీరు ఎప్పుడూ శాస్త్రం చెప్పినట్టే లేదు. నగ తీసి ఇమ్మని భర్త అడిగితే కాదనగల కోడళ్లు తక్కువ. అయినా ఇది ఆమెది అన్న మాట లోకంలో నిలిచి ఉండటం చిన్న సంగతి కాదు. ఆ మాట ఆసరాతోనే పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఎకరమో అరెకరమో కూతురి పేర రాసేవారు. ఆ పొలం మీద వచ్చే కౌలు ఏటేటా కూతురికే ముట్టేది.

పెళ్లిపందిట్లోనే కొత్త జంట పేర ఒక లెక్క పుస్తకం మొదలయ్యేది. బంధువులు, ఊరివాళ్లు ఇచ్చే కానుకలను ఒకాయన గట్టిగా చదువుతుంటే మరొకాయన రాసుకునేవాడు. అందుకే వాటికి చదివింపులని పేరు. ఫలానా ఊరి ఫలానావారు నూటపదహార్లు, ఫలానావారు బిందె, ఫలానావారు పంచెలచాపు అని వరసగా ఎక్కేది. రేపు ఆ ఇంట్లో పెళ్లయినా, గృహప్రవేశమైనా ఆ పుస్తకం తీసి చూసి, దానికి తగ్గకుండా, వీలైతే ఒక మెట్టు ఎక్కువగా తిరిగి చదివించాలి. ఒక్కొక్క ఇంటికి శుభకార్యం ఏ పదేళ్లకో వస్తుంది, ఖర్చు మాత్రం ఒక్కసారిగా మీద పడుతుంది. ఆ భారాన్ని ఊరంతా తలా కాస్త పంచుకుని, తమ వంతు వచ్చినప్పుడు వెనక్కి పొందే ఏర్పాటు ఇది. వడ్డీ లేదు, పత్రం లేదు, సాక్షి ఊరే. చదివింపుల పుస్తకాన్ని జాగ్రత్తగా దాచుకున్న ఇళ్లు ఇవాళ్టికీ ఉన్నాయి. తాతగారి పెళ్లినాటి పద్దు చూసి మనవడి పెళ్లి పిలుపులు రాసిన కుటుంబాలూ ఉన్నాయి.

పల్లెల్లో పొదుపు మొదట గింజల రూపంలో నిలిచింది. గాదెలు, గరిసెలు, భూమిలో తవ్విన పాతరలు ఇంటివారికి ఏడాది తిండిని కాపాడేవి. కొత్త కోడలు నేర్చే మొదటి ఆర్థికశాస్త్రం కొలత. మనిషికి ఎన్ని సోలల బియ్యం, ఇద్దరు చుట్టాలు వస్తే ఎంత పెంచాలి, పనివాళ్లకు ఎంత అన్నది అత్తగారి కనుసన్నల్లో నేర్చుకోవాలి. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. కొలిచి పోసిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడం చాలా ఇళ్లలో ఆచారం. నెల తిరిగేసరికి ఆ కుండ నిండేది. ఆ గింజలు గుడికో, యాచకులకో, అమ్మవారి జాతరకో, కరువు నెలలో ఇంటికో పనికొచ్చేవి. ఏడాది సరుకు వేసుకోవడం కూడా పొదుపే. చింతపండు కొత్త కాపు వచ్చినప్పుడు కొని, గింజ తీసి, ఉప్పు చల్లి జాడీలకెత్తడం, మిరపకాయలు ఎండలో పోయించడం, కందులు విసిరి పప్పు చేసుకోవడం, వేసవిలో ఆవకాయ, వడియాలు పెట్టుకోవడం అన్నీ ధర తక్కువగా ఉన్నప్పుడు కొని ధర పెరిగినప్పుడు కొనకుండా ఉండే ఉపాయాలే. ఈ పనుల్లో కష్టంతో పాటు సంబరమూ ఉండేది. ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా ఒక ఇంట్లో చేరి మాట్లాడుకుంటూ చింతపండు గింజ తీసే మధ్యాహ్నాలు కొత్త కోడలికి పొదుపు పాఠాన్ని వేడుకగా అందించాయి.

గింజల తర్వాత బంగారం. తెలుగు ఆడవాళ్ల పొదుపులో దీని పాత్ర గురించి వెటకారంగా మాట్లాడేవారు ఒక్క విషయం మరిచిపోతారు. బ్యాంకు ఊరికి రాకముందు, వచ్చినా ఆడవాళ్లకు గడప దాటే వీలు లేనప్పుడు, చిన్న మొత్తాలను నమ్మకంగా నిలవచేసుకునే దారి వారికి ఇంకేముంది? వెండి పట్టీలు, బంగారు గాజులు, కంటె, నాను, వడ్డాణం ఒంటి మీద ఉన్నంతకాలం అలంకారం, అవసరం వస్తే ఆస్తి. కాసుల పేరు ఈ రెండు పనులనూ దాచకుండా చెప్పే నగ. నాణేల్లాంటి కాసులను ఒకదాని పక్కన ఒకటి గుచ్చిన ఆ హారం ఒక తరంలో పది కాసులతో మొదలై తర్వాతి తరానికి నిండుగా అందేది. కోస్తాలో బంగారాన్ని కాసుల్లో, అంటే దాదాపు 8 గ్రాముల సవర్లలో, లెక్కపెట్టడం ఎక్కువ. తెలంగాణలో తులాల్లో, పాత లెక్కలో తులం సుమారు 11.66 గ్రాములు.

బంగారపు పొదుపును వేడుకగా మలచినది శ్రావణమాసం. కొత్తగా పెళ్లయిన ఆడపిల్ల వరసగా అయిదేళ్లు మంగళవారాల్లో మంగళగౌరి నోము నోచుకుంటుంది. శుక్రవారం వరలక్ష్మీ వ్రతానికి చాలా ఇళ్లలో ఏటా ఒక చిన్న లక్ష్మీ రూపు కొని పూజలో పెడతారు. చిన్నదే, ఆ ఏటి శక్తి కొద్దీ. కానీ మానకూడదు. పది పన్నెండేళ్లకు ఆ రూపులన్నీ కలిసి గొలుసు అవుతాయి, లేదా కూతురి పెళ్లికి నగ అవుతాయి. పొదుపు నేర్పడానికి ఇంతకన్నా తెలివైన పద్ధతిని ఏ సంస్థా కనిపెట్టలేదనే చెప్పాలి. మొత్తం చిన్నది, తేదీ ఖాయం, మానితే మనసొప్పని మొక్కు, కొన్ననాడు ఇంట్లో పండగ. ఇవే లక్షణాలు తర్వాత వచ్చిన ప్రతి విజయవంతమైన పొదుపు పథకంలోనూ కనిపిస్తాయి.

నగ కుదువకు వెళ్లే రోజులూ ఉండేవి. విత్తనాలకు, పురుడుకు, చదువు రుసుముకు షావుకారు దగ్గర తాకట్టు పెట్టి అప్పు తెచ్చేవారు. తెలుగువారు వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని లెక్కిస్తారు. నూటికి రూపాయి ధర్మవడ్డీ అన్నారు, అంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలైతే 24, మూడైతే 36. చెప్పేటప్పుడు రూపాయి, రెండు రూపాయలని తేలిగ్గా వినిపించే ఈ లెక్క ఏడాది తిరిగేసరికి నగనే మింగేసేది. విడిపించుకోలేక షావుకారు పెట్టెలోనే కరిగిపోయిన గాజులు ఎన్నో. అందుకే అనుభవమున్న ఇల్లాళ్లు నగ తీయకముందే చేతిలో కాస్త రొక్కం ఉంచుకోవాలని కొత్త కోడళ్లకు చెప్పేవారు.

ఆ రొక్కం ఉండే చోటు వంటిల్లు. పోపుల పెట్టె, పప్పు డబ్బా అడుగు, బియ్యం కుండ, చీర కొంగు ముడి, మొలన దోపిన బొడ్డుసంచి అన్నీ ఖజానాలే. మజ్జిగ, నెయ్యి, పిడకలు, కోడిగుడ్లు, పెరటి కాయలు అమ్మగా వచ్చినది, పుట్టింటికి వెళ్లినప్పుడు అమ్మ చేతిలో పెట్టినది, సంత ఖర్చులో మిగిలినది అందులో చేరేవి. ఈ డబ్బు మగవాళ్ల లెక్కల్లోకి రాదు. ఇంటివారి కవిలెకట్టల్లో, తర్వాత కాగితపు చిట్టా ఆవర్జాల్లో పంటా శిస్తూ అప్పులూ నమోదయ్యాయి. పోపుల పెట్టె డబ్బు ఎక్కడా నమోదు కాలేదు. కొందరు ఇల్లాళ్లు దాన్ని ఇరుగుపొరుగుకు చేబదులిచ్చి, చిన్న వడ్డీకి తిప్పి పెంచేవారు. మొక్కుబడి డబ్బుది ఇంకో తోవ. పసుపు గుడ్డలో కట్టిన ముడుపూ, వెంకన్న పేర ఇంట్లో పెట్టిన డిబ్బీ ఎవరూ తాకరానివి. ఎంత ఇరుకొచ్చినా ముట్టకూడని సొమ్ము ఒకటి ఉంటుందన్న కట్టుబాటు పిల్లలకు అలా అలవడింది.

ఈ ప్రపంచంలోకి నెలజీతం వచ్చింది. వాడి జంక్షను నుంచి సికింద్రాబాదుకు 1874లో వచ్చిన నిజాం రైలు మార్గం 1889లో బెజవాడ దాకా సాగింది. 1890లలో తూర్పు కోస్తా మార్గం బెజవాడను కటకంతో కలిపింది. రైల్వేలు, కలెక్టరు కచేరీలు, న్యాయస్థానాలు, తపాలా, పాఠశాలలు చదువుకున్న కుర్రవాళ్లను సొంత ఊరు నుంచి దూరం తీసుకెళ్లాయి. కాజీపేట, గుంతకల్లు, బెజవాడ, వాల్తేరు వంటి చోట్ల రైల్వే క్వార్టర్లలో కాపురం పెట్టిన కొత్త జంటకు అత్తగారి తాళంచెవి లేదు, గాదె కూడా లేదు. ఒకటో తారీఖున చేతికొచ్చే కొన్ని రూపాయలతో ముప్పై రోజులు నడపాలి. ఊళ్లో గింజలున్నంతకాలం ఏడాదికి ఒకసారి చేసే లెక్క ఇప్పుడు నెలకు ఒకసారి, ఆ మాటకొస్తే రోజూ చేయవలసి వచ్చింది. ఊరికి మనియార్డరు పంపాలి, అద్దె కట్టాలి, పాలు కొనాలి. పాలు కూడా కొనవలసి రావడం పల్లె నుంచి వచ్చిన అమ్మాయిలకు చాలా కష్టంగా తోచిన మార్పు.

నాణేలు కూడా లెక్కను తేలికగా ఉండనివ్వలేదు. మద్రాసు రాష్ట్రంలో 1818 దాకా వరహాలు చెల్లేవి. 80 కాసులు ఒక రూక, 42 రూకలు ఒక వరహా. ఆ తర్వాత రూపాయి ప్రధానమైంది. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. బేడ అంటే రెండణాలు, పావలా అంటే నాలుగు. నైజాం రాజ్యంలో హాలీ సిక్కా వేరు. అధికారిక మారకం ప్రకారం ఏడు హాలీ రూపాయలు ఆరు ఇంగ్లీషు రూపాయలకు సమానం. కృష్ణా జిల్లా అమ్మాయి హైదరాబాదులో కాపురం పెడితే పుట్టింటినుంచి వచ్చిన డబ్బు విలువ మార్చి లెక్కకట్టుకోవలసిందే. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి రూపాయి నూరు పైసలయ్యాక కూడా పావలా, అర్ధరూపాయి మాటలు చాలాకాలం పోలేదు. సోలలూ మానికలూ కూడా 1960ల తొలినాళ్లకు కిలోలకూ లీటర్లకూ దారి ఇచ్చాయి.

పట్నపు కాపురంలో పద్దు రకరకాలుగా పుట్టింది. పాలవాడి లెక్క వంటింటి గోడ మీద బొగ్గు గీతల్లో ఉండేది, బట్టల లెక్క చాకలి పద్దులో ఉండేది. పచారీ కొట్టువాడి దగ్గర ఖాతా ఉండేది, నెలాఖరుకు సరుకుల చీటీతో పాటు పాత బాకీ తీర్చాలి. ఖాతా ఒక సౌకర్యం, ఒక ఉచ్చు కూడా. చేతిలో డబ్బు లేకున్నా సరుకు వస్తుంది కాబట్టి వాడకం పెరుగుతుంది. కొట్టువాడు రాసినదే లెక్క కాబట్టి ఇంట్లో కూడా ఒక నోటుపుస్తకం ఉండాలని గడుసు ఇల్లాళ్లు గ్రహించారు. ఆ నోటుపుస్తకమే ఆలుమగలిద్దరి ఉమ్మడి చిట్టా. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు, అడుగున నిలవ. భర్త చదివి చెప్పడం, భార్య రాయడం, లేదా భార్య జ్ఞాపకం నుంచి చెప్తే భర్త రాయడం, చివర నాలుగణాలు తేడా వస్తే ఇద్దరూ కలిసి వెతకడం కొత్త కాపురాల్లో రాత్రిపూట పని అయింది. జీతం రాగానే అద్దె, పాలు, పచారీ, ఊరికి, పండక్కి అని కవర్లలో విడదీసి పెట్టి, ఒక కవరు డబ్బు మరో దానికి వాడకూడదని ఒట్టు పెట్టుకున్న ఇళ్లు మధ్యతరగతిలో కొల్లలు.

ఇందుకు ఆడవాళ్లకు చదువు కావాలి. కందుకూరి వీరేశలింగం 1883లో స్త్రీల కోసం సతీహితబోధిని పత్రిక పెట్టారు. 1902లో హిందూసుందరి మొదలైంది. 1928లో డాక్టర్ కె.ఎన్.కేసరి మద్రాసు నుంచి గృహలక్ష్మి తెచ్చారు. ఇటువంటి పత్రికల వల్ల ఇల్లు నడపడం ఒక విద్య అన్న మాట ఇళ్లలోకి వెళ్లింది. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ 1952 నుంచి దశాబ్దాల పాటు నడిపిన ప్రమదావనం శీర్షిక ఆ సంప్రదాయాన్ని సామాన్య గృహిణి ప్రశ్నల దాకా తీసుకొచ్చింది. ఈ రాతల్లో భర్త సౌఖ్యం చుట్టూ తిరిగే ఉపదేశాలు ఉన్నాయి, వాటితో ఇవాళ ఏకీభవించడం కష్టం. అయినా కూడిక, తీసివేత వచ్చిన ఇల్లాలిని షావుకారు మోసం చేయలేడన్న ఎరుక తెచ్చిన మేలు తక్కువది కాదు.

మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. 1882లో దేశమంతటా తపాలా కార్యాలయాల్లో సేవింగ్స్ బ్యాంకు మొదలైంది. 1873 నాటి ప్రభుత్వ సేవింగ్స్ బ్యాంకుల చట్టం పెళ్లయిన స్త్రీ వేసిన డబ్బును ఆమెకే చెల్లించవచ్చని చెప్పింది. ఆ రోజుల్లో ఇది పెద్ద మాట. బీమా వైపు నుంచి కూడా ఒక రక్షణ వచ్చింది. భర్త తన జీవితం మీద భార్య మేలు కోసం తీసుకున్న పాలసీని ఆమె ట్రస్టు సొమ్ముగా పరిగణించాలని, అప్పులవాళ్లు దాన్ని ముట్టరాదని 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం చెబుతుంది. హిందువులకు ఈ నియమం మద్రాసు రాష్ట్రంలో 1913 డిసెంబరు 31 తర్వాత తీసుకున్న పాలసీలకు వర్తించింది, ఇతర రాష్ట్రాల్లో 1923లో గానీ వర్తించలేదు.

మద్రాసులో 1906 అక్టోబరులో అర్బత్‌నాట్ కంపెనీ కూలిపోయింది. దొరల కంపెనీ కదా అని నమ్మి దాచుకున్న ఉద్యోగుల, వితంతువుల, పింఛనుదారుల సొమ్ము అందులో మునిగింది. ఆ దెబ్బతో స్వదేశీ బ్యాంకులు కావాలన్న కోరిక బలపడి మరుసటి ఏడు ఇండియన్ బ్యాంకు పుట్టింది. తెలుగు జిల్లాల్లో ఆ కోరికకు రూపమిచ్చినవారు భోగరాజు పట్టాభి సీతారామయ్య. ఆయన మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 20న నమోదై, 28న లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో పని మొదలుపెట్టింది. 1925లో అక్కడే ఆయన చొరవతో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ కూడా వచ్చింది. వైద్యుడిగా, స్వాతంత్ర్య పోరాట నాయకుడిగా ఉన్న మనిషి పొదుపును కూడా దేశసేవలో భాగంగా చూశారు. తమ భాష మాట్లాడే గుమాస్తా కిటికీ వెనక ఉన్నాడన్న ధైర్యమే చిన్న ఊళ్ల కుటుంబాలను బ్యాంకు మెట్లెక్కించింది.

అయినా తెలుగు మధ్యతరగతి మనసుకు అన్నిటికన్నా దగ్గరైనది చీటీ. దాని పనితీరు తెలిస్తే కారణం తెలుస్తుంది. ఇరవై మంది నెలకు వెయ్యి చొప్పున ఇరవై నెలలు కట్టే చీటీ అనుకుంటే, ప్రతి నెలా పోగయ్యేది ఇరవై వేలు. డబ్బు అవసరమున్నవాళ్లు పాట పాడతారు. ఒకరు నాలుగు వేలు వదులుకుని పదహారు వేలకు చీటీ ఎత్తుకున్నారనుకుందాం. వదిలిన నాలుగు వేలలో నిర్వాహకుడి కమీషను వెయ్యి పోగా మూడు వేలు ఇరవై మందికీ తలా నూటయాభై చొప్పున వస్తుంది. అంటే ఆ నెల ఒక్కొక్కరు కట్టేది ఎనిమిది వందల యాభై. అవసరమున్నవాడికి అది అప్పు, ఆగగలిగినవాడికి పొదుపు, ఇద్దరి మధ్య షావుకారు లేడు. కొత్తగా కాపురం పెట్టిన జంటకు మంచం, బీరువా, కుట్టుమిషను, తర్వాత ఇంటిస్థలం చాలాచోట్ల చీటీ డబ్బుతోనే అమిరాయి. నెలకోసారి పాట రోజున నలుగురూ చేరి టీ తాగుతూ ఎవరు ఎంతకు పాడతారో అంచనా వేసే సందడి బ్యాంకులో దొరకదు. ఒక నెల కట్టకపోతే పదిమందిలో తల దించుకోవాలన్న బెరుకూ బ్యాంకులో లేదు. ఈ రెండూ కలిసే చీటీని నడిపించాయి.

నమ్మకమే పునాది కాబట్టి ప్రమాదమూ అక్కడే. చీటీ ఎత్తుకున్నవాళ్లు ఆ తర్వాత కట్టడం మానేసినా, నడిపేవాళ్లు ఊరు విడిచి పారిపోయినా ఏళ్ల కష్టం పోయేది. హైదరాబాదులో 1962లో మొదలైన మార్గదర్శి వంటి నమోదైన కంపెనీలు, 1971లో ఆంధ్రప్రదేశ్ చీటీల చట్టం, 1982లో కేంద్ర చట్టం వచ్చి కమీషనుకు హద్దు, ముందస్తు డిపాజిట్టు, రిజిస్ట్రారు పర్యవేక్షణ తెచ్చాయి. నమోదు లేని చీటీలు మాత్రం ఆగలేదు. అపార్టుమెంట్లలో, ఆఫీసుల్లో, బజారుల్లో తెలిసిన ముఖాన్ని నమ్మి నడిచే చీటీలు ఇప్పటికీ ఉన్నాయి, అవి మునిగిన వార్తలూ తరచు వస్తూనే ఉన్నాయి.

స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వమే పొదుపును ఉద్యమంగా చేపట్టింది. 1956లో జీవిత బీమా జాతీయమై, పాలసీ ప్రీమియం జీతంలోంచే కోసుకునే పద్ధతి ఉద్యోగుల ఇళ్లలో స్థిరపడింది. ఆ ఏడాదే వచ్చిన హిందూ వారసత్వ చట్టం స్త్రీ ఆస్తి మీద ఆమెకు పూర్తి హక్కు ఇచ్చింది. 1963 జనవరిలో మొరార్జీ దేశాయ్ ఆర్థికమంత్రిగా ఉండగా వచ్చిన బంగారం నియంత్రణ నిబంధనలు కొత్త నగలను 14 క్యారెట్లకు పరిమితం చేశాయి. మంగళసూత్రం చేయించుకునే ఇళ్లలో ఇది రేపిన కలత అంతా ఇంతా కాదు, కంసాలుల బతుకు మీద పడిన దెబ్బ ఇంకా పెద్దది. ఆ పరిమితి కొన్నేళ్లకే తొలగినా, బంగారం మీద ఆడవాళ్ల నమ్మకం చట్టాలతో చెదరదని తేలిపోయింది. 1969లో బ్యాంకుల జాతీయీకరణతో శాఖలు పల్లెలకు వచ్చాయి. 1972లో మొదలైన మహిళా ఏజెంట్ల పథకం కింద పొరుగింటావిడే వచ్చి తపాలా రికరింగ్ డిపాజిట్టు వాయిదా వసూలు చేసి, కార్డు మీద సంతకం పెట్టి వెళ్లేది. శ్రావణ శుక్రవారపు రూపులో ఉన్న సూత్రమే ఇక్కడా పనిచేసింది. చిన్న మొత్తం, ఖాయమైన తేదీ, గడపలోకి వచ్చే తెలిసిన మనిషి.

కూలిపని చేసుకునే జంటల దాకా ఇవేవీ చేరలేదు. వారి ఇళ్లలో పొదుపు చరిత్ర నెల్లూరు జిల్లా దూబగుంటతో మలుపు తిరిగింది. అక్షరాస్యత ఉద్యమపు వాచకంలో సారా మీద తిరగబడిన సీతమ్మ కథ చదివిన ఆడవాళ్లు వర్ధినేని రోశమ్మ వంటివారి ముందునడకతో సారా దుకాణాలు మూయించారు. 1992లో ఆ పోరాటం జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బులోంచి రోజుకు ఒక్క రూపాయి దాచుదామన్న పొదుపులక్ష్మి కార్యక్రమం నెల్లూరులో ఆ వెంటనే ఊపందుకుంది. రోజుకు రూపాయి అంటే నెలకు ముప్పై, పదిహేను మంది సంఘానికి నాలుగు వందల యాభై. అది చూసి నవ్వినవాళ్లు ఉన్నారు. ఆ మొత్తమే ఒకరి పురుటికి, ఒకరి బడి పుస్తకాలకు, ఒకరి గేదె వాయిదాకు అప్పుగా తిరిగి, వడ్డీ కూడా సంఘంలోనే ఉండిపోయి పెరిగింది.

వరంగల్లు, కరీంనగర్ పల్లెల్లో అదే కాలంలో సహవికాస సంస్థ తోడ్పాటుతో మహిళల పొదుపు సహకార సంఘాలు వేరే దారిలో ఎదిగాయి. ప్రభుత్వ గ్రాంటు తీసుకోకుండా సభ్యుల పొదుపుతోనే నడవాలన్నది వాటి నియమం. ఇటువంటి స్వతంత్రతకు చట్టబద్ధత ఇస్తూ 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. మరో వైపు గ్రామీణ మహిళల కోసం ప్రభుత్వం నడిపిన డ్వాక్రా పథకపు సంఘాలు బ్యాంకు రుణాలతో ముడిపడి లక్షల సంఖ్యకు పెరిగాయి. వీటి మధ్య తేడా ముఖ్యం. మొదట పొదుపు, తర్వాత అప్పు అన్న వరస తప్పకుండా పాటించిన చోట సంఘం నిలిచింది. అప్పు కోసమే సంఘం పెట్టిన చోట పుస్తకాలు త్వరగా చెడిపోయాయి. వారం వారం వాయిదాల సూక్ష్మరుణ కంపెనీలు ఇంటింటికీ చేరి ఒకే ఇల్లాలికి మూడు నాలుగు అప్పులు అంటగట్టిన తర్వాత, వసూళ్ల ఒత్తిడి ప్రాణాల మీదికి రావడంతో 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

చట్టంలో స్త్రీధనం కథ కూడా ఈలోగా ముందుకు నడిచింది. పెళ్లిలో ఇచ్చిన సొత్తు భార్య సొంతమని, అత్తింటివారు దాన్ని అట్టిపెట్టుకుంటే నమ్మకద్రోహం కింద నేరమని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో తేల్చింది. అదే ఏడాది సెప్టెంబరు 5 నుంచి ఎన్.టి.రామారావు ప్రభుత్వపు సవరణ ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది, అప్పటికే పెళ్లయినవారికి మాత్రం వర్తించలేదు. 2005లో దేశమంతటికీ వచ్చిన సవరణ ఆ మినహాయింపు లేకుండా కూతురి వాటాను గుర్తించింది. కొత్త జంట ఆస్తి లెక్కలో భార్య వైపు నుంచి నగలతో పాటు భూమి హక్కు కూడా చేరింది.

పోపుల పెట్టె చివరికి ఒక రాత్రి బయటపడింది. 2016 నవంబరు 8న 500, 1000 రూపాయల నోట్లు రద్దయ్యాయి. భర్తలకు తెలియకుండా ఏళ్లతరబడి డబ్బాల్లో, చీరల మడతల్లో పెట్టినది ఇల్లాళ్లు వారికే చూపించి బ్యాంకుకు పంపవలసి వచ్చింది. రెండున్నర లక్షల లోపు జమలను ఆదాయపన్ను శాఖ ఆరా తీయదని ప్రభుత్వం ప్రకటించింది. కొన్ని ఇళ్లలో ఆ డబ్బు చూసి ఆశ్చర్యం, కొన్నింట్లో గొడవ. దాచుకున్న గుట్టు పోవడం ఆపదకాలపు రక్షణ పోవడమే అయిన ఆడవాళ్లకు అది నిజమైన నష్టం. హింసించే భర్త ఉన్న ఇంట్లో ఆ గుట్టే పుట్టింటికి బస్సు టికెట్టు.

ఆ ఏడాదే మొదలైన యూపీఐ చెల్లింపులు తర్వాతి సంవత్సరాల్లో కూరగాయల బండి దాకా వచ్చాయి. గోడ మీది బొగ్గు గీతలు, పచారీ కొట్టు ఖాతా చేసిన పనిని ఫోను చేస్తోంది. ఎవరికి ఎప్పుడు ఎంత కట్టినదీ వరసగా కనిపిస్తుంది. ఇద్దరూ సంపాదించే కొత్త జంటలు కొన్ని ఇవాళ మూడు ఖాతాలు నడుపుతున్నాయి. ఎవరిది వారికి ఒకటి, ఇంటి ఖర్చుకు ఉమ్మడిగా ఒకటి. అద్దె, ఇంటిరుణం వాయిదా, సరుకులు ఉమ్మడి ఖాతాలోంచి పోతాయి. భార్య పేరనే ఉండే ఖాతాలోని డబ్బును ఇప్పుడు బియ్యం కుండలో దాచనక్కర్లేదు, దాని మీద హక్కుకు చట్టం సాక్షి. నగల దుకాణాలు నెలనెలా వాయిదాలు కట్టించుకుని చివర బంగారం ఇచ్చే పథకాలు నడుపుతున్నాయి, శ్రావణంలో వాటి ముందు రద్దీ ఎప్పటిలాగే ఉంటోంది.